గ్రౌండ్ క్లియరెన్స్ థార్ కంటే ఎక్కువ.. అయినా ఇది జీప్ కాదు: సుబారు ఔట్‌బ్యాక్ వైల్డర్‌నెస్‌తో ఒక ఏడాది

స్టేషన్ వ్యాగన్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది వ్యాగన్ ఆర్. నిజానికి అది వ్యాగన్ కాదు, నిటారుగా నిలబెట్టిన హ్యాచ్‌బ్యాక్. ఒక సెడాన్ తీసుకుని, రూఫ్‌ని వెనక బంపర్ దాకా లాగి, డిక్కీని క్యాబిన్‌లో కలిపేస్తే వచ్చేదే అసలు స్టేషన్ వ్యాగన్. మన దగ్గర టాటా ఎస్టేట్, బలెనో ఆల్టురా, ఆక్టేవియా కాంబీ అని కొన్ని వచ్చాయి, పోయాయి. 2017లో వోల్వో వాళ్లు వీ90 క్రాస్ కంట్రీ అని ఆల్ వీల్ డ్రైవ్ వ్యాగన్ కూడా తెచ్చారు, అది డీజిల్. ఏదీ నిలబడలేదు. పైసా పెట్టి కొంటే డిక్కీ విడిగా కనిపించాలి, లేదంటే ఎత్తుగా ఉండాలి. మన లెక్క అది.

అమెరికాలో, ముఖ్యంగా నేను ఉంటున్న సియాటిల్ వైపు, లెక్క వేరు. ఇక్కడ ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక సుబారు ఔట్‌బ్యాక్ కనిపిస్తుంది. నా రూమ్మేట్ గతేడాది సెకండ్ హ్యాండ్‌లో 2022 మోడల్ ఔట్‌బ్యాక్ వైల్డర్‌నెస్ తీసుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు కాబట్టి వాడికి ఎంత వాడకమో నాకూ అంతే. అందుకే ఇది రెండు రోజుల టెస్ట్ డ్రైవ్ రివ్యూ కాదు.

వాడు ఈ కారు కొనడానికి కారణం అడవుల్లో తిరగడం కాదు. వాళ్ల తమ్ముడు పుల్‌మన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. సియాటిల్ నుంచి అక్కడికి దాదాపు 450 కిలోమీటర్లు. మధ్యలో ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ పాస్ దాటాలి. ఎత్తు 921 మీటర్లే, మన హార్స్‌లీ హిల్స్ కంటే తక్కువ. కానీ చలికాలంలో అక్కడ పడే మంచు మామూలుగా ఉండదు. కొన్ని రోజులు పాస్ మొత్తం మూసేస్తారు, అప్పుడు మీ దగ్గర ఏ కారున్నా ఒకటే. ఆ రోడ్డు మీద నెలకోసారి వెళ్లి రావాలంటే ఎలాంటి కారు కొనాలి, దానికి ఎంత పెట్టాలి? ఈ రివ్యూ అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఇంజిన్ సంగతి

మామూలు ఔట్‌బ్యాక్‌లో 2.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది, టర్బో ఉండదు. పవర్ 182 హార్స్‌పవర్, టార్క్ సుమారు 239 న్యూటన్ మీటర్లు. వైల్డర్‌నెస్‌లోనూ, పేరు చివర ఎక్స్‌టీ అని ఉన్న మోడల్స్‌లోనూ 2.4 లీటర్ల టర్బో ఇస్తారు. ఇది 260 హార్స్‌పవర్, 376 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ 2,000 ఆర్‌పీఎం నుంచి 4,800 దాకా తగ్గకుండా ఉంటుంది. అంటే హైవే మీద ట్రక్కుని దాటడానికి ఇంజిన్‌ని అరిపించక్కర్లేదు. రెండూ బాక్సర్ ఇంజిన్లే. సిలిండర్లు నిలువుగా కాకుండా రెండు పక్కలకీ పడుకుని ఉంటాయి, బరువు కిందికి ఉంటుంది. టర్బో ఉన్నా మామూలు 87 ఆక్టేన్ పెట్రోల్ చాలు, ప్రీమియం కొట్టించాల్సిన పని లేదు.

కొండ ఎక్కేటప్పుడు టర్బో ఎందుకు పనికొస్తుంది అనేది చాలా రివ్యూల్లో చెప్పరు. పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం పవర్ కోల్పోతుంది. స్నోక్వాల్మీ దగ్గర అది 9 శాతం దాకా ఉంటుంది, పెద్దగా తెలీదు. కానీ డెన్వర్‌లో ఉన్న మనవాళ్లని అడగండి. అక్కడి ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడికి చేరేసరికి 182 హార్స్‌పవర్‌లో మూడో వంతు పోతుంది. నలుగురు మనుషులు, నిండా లగేజీ, ముందు ఇంకా ఎక్కుడు ఉంటే మామూలు ఇంజిన్ ఆయాసపడుతుంది. టర్బో అయితే బయటి పలచటి గాలినే నొక్కి లోపలికి పంపిస్తుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. డల్లాస్‌లోనో టాంపాలోనో ఉన్నవాళ్లకి ఈ పేరాతో పని లేదు. అక్కడ ఔట్‌బ్యాక్ కొన్నా టర్బో మీద డబ్బులు పెట్టకండి.

ఇక గేర్‌బాక్స్ సీవీటీ. స్టెప్పులుగా మారే గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య ఒక చైన్. స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో 8 గేర్లు ఉన్నట్టు నటిస్తుంది. నటన బానే ఉంటుంది కానీ డ్రైవింగ్‌లో మజా కోరుకునేవాళ్లకి ఇది ఎక్కదు. వైల్డర్‌నెస్‌లో ఫైనల్ డ్రైవ్ రేషియోని 4.11 నుంచి 4.44కి మార్చారు. సైకిల్‌కి వెనక పెద్ద చక్రం వేసినట్టు అనుకోండి. ఎక్కుడు తేలిక, హైవే మీద మాత్రం ఇంజిన్ ఎప్పుడూ కాస్త ఎక్కువ తిరుగుతుంది. ఆ ఖర్చు మైలేజీలో కనిపిస్తుంది. 2022 మోడల్‌కి అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం మామూలు ఎక్స్‌టీ హైవేలో గాలన్‌కి 30 మైళ్లు, వైల్డర్‌నెస్ 26. మన లెక్కలో లీటర్‌కి 12.7, 11 కిలోమీటర్లు. పుల్‌మన్ ట్రిప్పుల్లో మాకు గాలన్‌కి 24 దాటడం అరుదు.

గ్రౌండ్ క్లియరెన్స్ అనే మెగాపిక్సెల్

ఈ సైట్ చదివేవాళ్లకి 200 మెగాపిక్సెల్ అని రాసినంత మాత్రాన కెమెరా గొప్పది కాదని నేను చెప్పక్కర్లేదు. సెన్సర్ సైజు ఎంత, లెన్స్ ఏంటి అని మీరే అడుగుతారు. ఆఫ్‌రోడ్ కార్లలో గ్రౌండ్ క్లియరెన్స్ అచ్చం అలాంటి నంబర్.

వైల్డర్‌నెస్ క్లియరెన్స్ 9.5 అంగుళాలు, 241 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన మూడు డోర్ల మహీంద్రా థార్‌ది 226. అంటే ఈ ఫ్యామిలీ వ్యాగన్ పొట్ట, నేల నుంచి థార్ కంటే ఎత్తులో ఉంది! ఇది చూసి మావాడు మొదట్లో ఇండియాలో ఉన్న ఫ్రెండ్స్‌తో తెగ వాదించాడు. కానీ పక్క కాలమ్ చూడండి. అప్రోచ్ యాంగిల్, అంటే ముందు బంపర్ తగలకుండా ఎంత ఏటవాలు ఎక్కగలదు అనేది, థార్‌కి 41.8 డిగ్రీలు. దీనికి 20. వెనక డిపార్చర్ యాంగిల్ థార్‌కి 36.8, దీనికి 23.6. కారణం సింపుల్. ఔట్‌బ్యాక్ పొడవు 4.86 మీటర్లు, ముందు చక్రాలకి ముందు ముక్కు చాలా ఉంటుంది. పొట్ట ఎంత ఎత్తులో ఉన్నా ముక్కు ముందే వెళ్లి గుద్దుతుంది.

ఇంకో తమాషా లెక్క. కంకర మీద 40 శాతం గ్రేడ్ ఎక్కగలదని కంపెనీ చెప్తుంది. 40 శాతం అంటే దాదాపు 22 డిగ్రీలు. అప్రోచ్ యాంగిల్ 20. కాబట్టి ఆ ఎక్కుడు మెల్లగా మొదలైతే ఎక్కుతుంది. గట్టులాగా ఒక్కసారిగా లేస్తే ఇంజిన్‌కి సత్తా ఉన్నా బంపర్ ఒప్పుకోదు.

థార్‌లో ఉండే లో-రేంజ్ గేర్ కూడా ఇందులో లేదు. బదులుగా ఎక్స్-మోడ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. తక్కువ స్పీడ్‌లో యాక్సిలరేటర్‌ని మెత్తబరిచి, జారుతున్న చక్రానికి బ్రేక్ వేసి, పట్టున్న చక్రానికి టార్క్ పంపుతుంది. దిగుడులో హిల్ డిసెంట్ కంట్రోల్ ఉంటుంది. మంచు, మట్టి, లోతు లేని బురదలో అద్భుతంగా పనిచేస్తుంది. చక్రమంత బండరాళ్ల మీద పాక్కుంటూ వెళ్లే పని దీనిది కాదు. అలాంటి చోట సీవీటీని గంటలకొద్దీ నెట్టుకుంటూ పోతే వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

మరి దీనికి సరిపోయే రోడ్డు ఎలాంటిది? సియాటిల్‌కి ఉత్తరాన గ్రానైట్ ఫాల్స్ నుంచి డారింగ్టన్ దాకా మౌంటెన్ లూప్ హైవే ఉంది. పేరుకి హైవే, బార్లో పాస్ దాటాక సుమారు 14 మైళ్లు కంకరే. ఒక బండి పట్టేంత వెడల్పు, పక్కన నది, గుంతలు, అట్టల్లాంటి అలలు. సెడాన్లు ప్రతి గుంత దగ్గరా ఆగి ఆలోచిస్తుంటాయి. ఈ కారు 40 కిలోమీటర్ల స్పీడ్‌లో హాయిగా తేలుకుంటూ పోతుంది. వెనక సీట్లో వాళ్లు నిద్రపోయారు కూడా. ఇదే దీని అసలు టాలెంట్. జీప్ వెళ్లే చోటికి వెళ్లలేదు, కానీ జీప్ అవసరం లేని 95 శాతం చెడ్డ రోడ్ల మీద, నడుము నొప్పి లేకుండా తీసుకెళ్తుంది. తర్వాత అదే కారు హైవే ఎక్కి వందలో సెడాన్‌లా పోతుంది. థార్‌తో అలా 450 కిలోమీటర్లు వెళ్లి, రాత్రి కూర్చుని అసైన్‌మెంట్ చేయమనండి చూద్దాం.

ఒక పంక్చర్, నాలుగు టైర్లు

ఆ రోడ్డు మీదే సెప్టెంబర్‌లో ఒక పదునైన రాయి వెనక టైరు పక్కభాగాన్ని కోసేసింది. సైడ్‌వాల్ కోసుకుంటే ప్యాచ్ పడదు. ఫోన్‌లో సిగ్నల్ సున్నా. వైల్డర్‌నెస్‌కి డిక్కీ కింద ఫుల్ సైజ్ స్టెప్నీ ఇస్తారు, మామూలు ఔట్‌బ్యాక్‌లో వచ్చే సన్న స్టెప్నీ కాదు. అరగంటలో మార్చుకుని బయటపడ్డాం. సన్న స్టెప్నీ మీద మిగతా కంకర దాటడం ఊహించుకోలేను.

అసలు కథ వచ్చే వారం టైర్ల షాపులో. ఈ కారులో ముందు, వెనక చక్రాల మధ్య ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో పనిచేసే ప్లేట్ల క్లచ్ ఉంటుంది. నాలుగు చక్రాలూ ఒకే సైజులో ఉన్నాయని అది నమ్ముతుంది. ఒక టైరు కొత్తది, మూడు అరిగినవి అయితే చుట్టుకొలతలో తేడా వస్తుంది, క్లచ్ ఆ తేడాని రోడ్డు మీద ప్రతి నిమిషం మింగుతూ వేడెక్కుతుంది. సుబారు పెట్టిన లిమిట్ ఏంటంటే, టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం మించకూడదు. లెక్క వేయండి, 6.35 మిల్లీమీటర్లని రెండు పైతో భాగిస్తే వచ్చేది ఒక్క మిల్లీమీటర్. అంటే ట్రెడ్ లోతులో ఒక మిల్లీమీటర్ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. మా మిగతా మూడూ దాదాపు సగం అరిగిపోయాయి. కొత్త టైరుని యంత్రంతో చెక్కించి పాతవాటికి సమానం చేసే పద్ధతి ఉంది కానీ ఆ మెషిన్ అన్ని షాపుల్లో దొరకదు. చివరికి నాలుగూ కొత్తవి వేయించాడు. 800 డాలర్ల పైనే అయ్యింది. ఆల్ వీల్ డ్రైవ్ కారు ధరలో ఈ ఖర్చు ఎవరూ రాయరు.

స్క్రీన్, కెమెరాలు

మధ్యలో 11.6 అంగుళాల నిలువు టచ్‌స్క్రీన్. షోరూమ్‌లో చూడగానే ట్యాబ్లెట్ పెట్టినట్టు భలే ఉంటుంది. నా అభిప్రాయంలో కారు మొత్తంలో డిజైన్ తప్పిన భాగం ఇదే. టెంపరేచర్‌కీ, అద్దం మీద ఆవిరి పోగొట్టడానికీ బటన్లు ఉన్నాయి. ఫ్యాన్ స్పీడ్, గాలి ఎటు రావాలి, చివరికి ఎక్స్-మోడ్ కూడా స్క్రీన్‌లోనే. మంచులో గ్లోవ్స్ వేసుకున్న చేత్తో, వాలులో దిగుతూ, మెనూ వెతకడం ఏంటండీ? ఫోన్‌లో బటన్లు తీసేయడం వేరు, ఇక్కడ కళ్లు రోడ్డు మీద ఉండాలి. 2022 మోడల్‌లో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోకి కేబుల్ కావాలి. వైర్‌లెస్ 2023 నుంచి వచ్చింది.

ఐసైట్ మాత్రం మన లాంటివాళ్లకి నచ్చే ఇంజినీరింగ్. అద్దం వెనక పైన రెండు కెమెరాలు, మన రెండు కళ్లలాగా కొంచెం దూరంలో. రెండు చిత్రాల్లో ఒకే వస్తువు ఎంత పక్కకి జరిగిందో చూసి దూరం లెక్కగడుతుంది. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ డెప్త్ సంగతి తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ముందు కారుతో దూరం పాటించడం, అత్యవసరంగా బ్రేక్ వేయడం ఈ కళ్లతోనే. కళ్లు కాబట్టి కళ్ల బలహీనతలూ ఉంటాయి. అద్దానికి మంచు అంటుకుంటే, ఎదురెండ పడితే తాత్కాలికంగా ఆగిపోతుంది, ఆగినట్టు డ్యాష్‌బోర్డులో చెప్తుంది. సరిగ్గా మీకు భయం వేసే వాతావరణంలోనే అది సెలవు పెట్టొచ్చన్నమాట. అది గుర్తుపెట్టుకుని నడపాలి. ముందు అద్దం మారిస్తే కెమెరాల క్యాలిబ్రేషన్ మళ్లీ చేయించాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో ఉంచుకోండి.

డిక్కీ 920 లీటర్లు. ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు మూడు, కుక్కర్, ఆవకాయ జాడీ, తమ్ముడికి ఒక పరుపు. వెనక సీటు ఒక పక్క మడిస్తే అన్నీ వెళ్లాయి. ఎస్‌యూవీల్లాగా లోడింగ్ ఎత్తు ఉండదు, బస్తాని భుజం దాకా లేపక్కర్లేదు. సీట్ల మీద నీళ్లు ఇంకని మెటీరియల్, తడి బూట్లతో ఎక్కినా తుడిస్తే పోతుంది.

మంచులో అసలు పరీక్ష

జనవరిలో పాస్ మీద మంచు పడుతున్న రోజు బయల్దేరబోతుంటే ఖమ్మం నుంచి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. “నాలుగు చక్రాలూ లాగుతాయి కదరా, ఇంకా భయం దేనికి?” అన్నారు. వీడు, “లాగడానికి నాలుగు నాన్నా. ఆగడానికి ఏ కారుకైనా నాలుగే,” అన్నాడు.

ఈ ఒక్క మాట అర్థమైతే చాలామంది డబ్బులు మిగులుతాయి, కొందరి ప్రాణాలు కూడా. ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుంది. మంచు ఎక్కుడులో మా పక్కన ముందు చక్రాలతో లాగే కార్లు చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోతే, ఇది ఏమీ జరగనట్టు వెళ్లిపోయింది. కానీ బ్రేక్ వేసినప్పుడు ఇంజిన్ పవర్ ఎన్ని చక్రాలకి వెళ్తోంది అనేదానితో సంబంధం లేదు, రబ్బరుకి రోడ్డు మీద ఎంత పట్టుంది అనేదే లెక్క. దాదాపు 1,770 కిలోల బండి ఇది. తేలిగ్గా కదులుతోంది కాబట్టి రోడ్డు బాగుందన్న భ్రమ కలుగుతుంది. ఆ భ్రమే ప్రమాదం. వాషింగ్టన్ రాష్ట్రంలో చైన్లు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు ఆల్ వీల్ డ్రైవ్‌కి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, కానీ టైర్లు మంచుకి తగినవై ఉండాలి, చైన్లు డిక్కీలో ఉండి తీరాలి.

అందుకే నా లెక్క ఇలా ఉంది. 2022లో వైల్డర్‌నెస్ ధర 36,995 డాలర్లు, షిప్పింగ్ ఛార్జీలు అదనం. మామూలు బేస్ ఔట్‌బ్యాక్‌కీ దీనికీ దాదాపు పది వేల డాలర్ల తేడా. ఆల్ వీల్ డ్రైవ్, ఐసైట్ రెండూ బేస్‌లో కూడా ఉన్నాయి. మీ అవసరం నెలకోసారి మంచు పాస్ దాటడమే అయితే, బేస్ ఔట్‌బ్యాక్ కొని, దానికి విడిగా ఒక సెట్ స్నో టైర్లు తీసుకోండి. వెయ్యి, పదిహేను వందల డాలర్ల ఆ సెట్, ఆగేటప్పుడు టర్బో, క్లియరెన్స్ కలిపి ఇవ్వలేనిది ఇస్తుంది. మావాడు ఇది ఒప్పుకోడు. “మామా, ఓవర్‌టేక్ చేసేటప్పుడు చెప్పు,” అంటాడు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు నాకూ నవ్వొస్తుంది, నిజమే. కానీ వాడు కూడా నవంబర్‌లో స్నో టైర్లు వేయించాకే పుల్‌మన్ బయల్దేరాడు.

నెలకి రెండుసార్లు కంకర రోడ్లు, ట్రెక్కింగ్, పైన టెంట్, వెనక చిన్న ట్రైలర్ అనుకునేవాళ్లయితే వైల్డర్‌నెస్‌కి ఓటేస్తాను. ఎత్తైన కొండల్లో ఉండి, మట్టి రోడ్డు ఎప్పుడో ఒకసారి చూసేవాళ్లకి మామూలు ఎక్స్‌టీ మంచిది, మైలేజీ కూడా మిగులుతుంది.

ఇప్పుడు కొనాలంటే

2026 మోడల్‌లో ఔట్‌బ్యాక్ ఆకారం మార్చేశారు. పెట్టెలా, ఎత్తుగా, చూడ్డానికి ఎస్‌యూవీలా ఉంటుంది. స్క్రీన్ 12.1 అంగుళాలు, అడ్డంగా. ఏసీ బటన్లు మాత్రం తిరిగొచ్చాయి, అదొక్కటీ సంతోషం. ఈ కారుకి ఇలాంటి వేషాలు కొత్త కాదు. 2005 మోడల్ అప్పుడు క్లియరెన్స్ కాస్త పెంచి, ఇది కారు కాదు లైట్ ట్రక్ అని సర్టిఫై చేయించి, మైలేజీ రూల్స్‌లో సడలింపు తీసుకున్నారు. ఏదేమైనా వ్యాగన్ ఆకారమే కావాలంటే 2020 నుంచి 2025 మధ్య మోడల్స్‌లో సెకండ్ హ్యాండ్ వెతకాలి. ఇండియాలో సుబారు అధికారికంగా అమ్మడం లేదు కాబట్టి ఇది ప్రధానంగా ఇక్కడున్నవాళ్లకే.

చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోషర్ పక్కన పెట్టి ముందు నాలుగు టైర్ల దగ్గర కూర్చోండి. ఒకే బ్రాండా, ట్రెడ్ లోతు సమానమా అని గేజ్ పెట్టి కొలవండి. వేరువేరుగా ఉంటే, ఆ ఓనర్ క్లచ్ గురించి ఆలోచించలేదని అర్థం. టర్బో కాబట్టి ప్రతి 6,000 మైళ్లకీ ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. కింద ప్లేట్ల మీద గీతలు, సొట్టలు ఉన్నాయేమో ఫోన్ టార్చ్ వేసి చూడండి. ముందు అద్దం మార్చి ఉంటే క్యాలిబ్రేషన్ పేపర్ అడగండి. స్టెప్నీ ఉందో లేదో డిక్కీ మూత ఎత్తి చూడటం మర్చిపోకండి.